నాలుగు డిగ్రీలు ఎక్కువ

నేను ఒక గోడ థర్మామీటరుని. కథలోకి వెళ్లేముందు ఒక చిన్న బాధ చెప్పుకోనివ్వండి. నన్ను తగిలించిన మేకుకి నాతోపాటు బజారు సంచీ, నల్ల గొడుగు, బీరువా తాళాల గుత్తి, నిరుటి పంచాంగం వేలాడుతుంటాయి. ఇల్లు కట్టి పదకొండేళ్లయినా ఈ వరండాలో రెండో మేకు లేదు. గోడకి ఇంకో కన్నం పడితే ఇల్లు పాతదైపోతుందని ఇంటాయన నమ్మకం. శుక్రవారం శుక్రవారం సొరకాయతో నిండిన సంచీ వచ్చి నా నెత్తిన పడుతుంది. పడ్డప్పుడల్లా నా ఒళ్లంతా అదురుతుంది. ఈ అదురు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. చివర్లో మీతో పని ఉంది.

నా ఒంట్లో ఉన్నదల్లా ఒక చెక్క పలక, దానిమీద అచ్చుకొట్టిన అంకెలు, సన్నటి గాజు గొట్టం, గొట్టంలో కాసిని ఎర్ర నీళ్లు. పుట్టిందేమో విజయవాడలో ఒక ఇరుకు షెడ్డులో. ఒక ఎరువుల దుకాణంవారు కొత్త సంవత్సరానికి రైతులకు పంచడానికి నాలాంటి వాళ్లను అయిదు వందలమందిని చెయ్యమన్నారు. పలక అడుగున దుకాణం పేరు, ఫోన్ నంబరు. నా దగ్గరికొచ్చేసరికి గొట్టం కింది బుడ్డి సరిగ్గా ఫోన్ నంబరులో చివరి రెండంకెల మీద కూర్చుంది. గొట్టాన్ని పలకకి తీగతో కట్టే మనిషి రెండు క్షణాలు ఆలోచించాడు. ఎండ ఎంతో తెలియకపోయినా రైతు బతుకుతాడు, నంబరు తెలియకపోతే దుకాణం ఎట్లా బతుకుతుంది అనుకున్నాడు కాబోలు, గొట్టాన్ని నాలుగు గీతలు పైకి నెట్టి తీగ బిగించేశాడు. అప్పట్నుంచి నేను ఉన్నదానికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ చెబుతున్నాను. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. పుట్టుకతో వచ్చిన లోపం ఎవరికి వారికి గుణంలాగే కనిపిస్తుంది.

చేతులు మారి మారి పిడుగురాళ్లలో నాగభూషణం గారింటికి చేరాను. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పొలం లేదు, ఎరువులతో పనిలేదు. ఉచితంగా ఇస్తున్నారని లైన్లో నిలబడి తెచ్చుకున్నారు. పిడుగురాళ్లంటే సున్నం బట్టీల ఊరు. పల్నాడు ఎండకి బట్టీల వేడి తోడైతే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా వేసవిలో పేపర్లో ఎక్కువ ఎండంటే ఎప్పుడూ రెంటచింతల పేరే పడుతుందని ఆయనకి లోలోపల కుమిలిపోవడం. నేను వచ్చాక ఆ కుములుడు తగ్గింది.

మే నెల మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన నా ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకుని, గుంటూరులో ఉన్న బావమరిదికి ఫోను చేసేవారు.

"మీకెంతయ్యా? నలభై మూడా? అదొక ఎండేనా. మాకు నలభై ఎనిమిది. పేపర్లో నలభై నాలుగన్నాడా? పేపరోడు ఏసీ గదిలో కూర్చుని రాస్తాడు. నేను గోడ చూసి చెబుతున్నా."

లోపల్నుంచి ఆయన భార్య వకుళమ్మ గారు, "నలభై ఎనిమిదైతే మీరు ఇంకా నిలబడి మాట్లాడతారా? ఆవకాయ ముక్కల్లాగా ఎండిపొయ్యుండేవాళ్లు," అనేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. మధ్యతరగతి మనిషికి తన సుఖం ఇతరులకన్నా ఎక్కువగా ఉండాలని ఉంటుంది. అది కుదరనప్పుడు కష్టమైనా ఎక్కువగా ఉండాలనుకుంటాడు. నాలుగు డిగ్రీల కష్టం నేను అదనంగా ఇచ్చాను కాబట్టి ఆ ఇంట్లో నాకు గౌరవం ఉండేది.

ఆ ఇంటి డాబాకి ఏటేటా సున్నం కొట్టేవాడు సైదా. మనిషి సన్నగా ఉంటాడు, జుట్టు నిజంగా నెరిసిందో సున్నం పడిందో పోల్చుకోలేం. ఆయన కూతురు మెహతాజ్ ఎనిమిదో తరగతి. జూలైలో ఒకరోజు ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి నా వంక చూస్తోంది.

"సార్, మీ ఎండమీటరు ఒక ఇరవై రోజులు ఇస్తారా? సైన్సు ప్రాజెక్టుకి. మా స్కూల్లో ఉన్నది ఒకటే. నాకు రెండు గావాల."

"ఏం ప్రాజెక్టమ్మా?"

"డాబా మీద సున్నం కొడితే కింద గది నిజంగా చల్లబడిద్దా, పడితే ఎంత అని."

"చల్లబడకపోతే మీ నాన్న చేత ఏటేటా ఎందుకు కొట్టిస్తున్నా నేను?"

"అదే సార్. ఎంతో ఎవరూ కొలవలా."

నాగభూషణం గారు కొంచెంసేపు బిగుసుకుని, ప్రాజెక్టులో తన పేరు వెయ్యాలన్న షరతు మీద నన్ను ఇచ్చారు. ఆ పేరు తర్వాత చార్టు అడుగున 'కృతజ్ఞతలు' కింద పిల్ల పేరుకన్నా పెద్ద అక్షరాల్లో పడింది.

బడిలో పక్కపక్కనే రెండు గదులు. ఒకే కొలత, ఒకే కప్పు, కిటికీలు ఒకే వైపు. హెడ్మాస్టరు ఒప్పుకుంటే సైదా ఒక గది పైన మూడు పూతలు సున్నం కొట్టాడు. ఆ గదిలో నన్ను తగిలించారు, రెండో గదిలో బడి థర్మామీటరుని. అక్కడ మేకు నాకొక్కడికే. ఆ ఇరవై రోజులూ నా జీవితంలో మంచిరోజులు.

మెహతాజ్ పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వచ్చేది. నా ముందు ముక్కాలిపీట వేసుకుని, కళ్లు సరిగ్గా ఎర్ర గీతకి సమానంగా వచ్చేదాకా వేళ్ల మీద లేచి నిలబడేది. ఊపిరి బిగబట్టేది, ఊపిరి తగిలి నేను పెరుగుతానేమోనని. అప్పుడు రఫ్ పుస్తకంలో రాసుకునేది. పాత నోటు పుస్తకాల్లో మిగిలిన కాగితాలు కుట్టుకున్న పుస్తకం అది. ఇన్నేళ్లుగా నన్ను చూసినవాళ్లంతా తమక్కావలసిన అంకె కోసం చూశారు. నేను ఏం చెబుతానో అని చూసింది ఈ పిల్లే.

పదిహేను రోజులు దాటేసరికి పిల్ల మొహం మాడింది. మధ్యాహ్నం మామూలు గది ముప్ఫై ఆరంటే సున్నం గది ముప్ఫై ఏడు. ఏ రోజు చూసినా ఒక డిగ్రీ ఎక్కువే. అంటే సున్నం కొడితే గది వేడెక్కుతుందన్నమాట, అదీ సున్నం బట్టీల ఊళ్లో.

సైన్సు చెప్పే కోటిలింగం సారు పుస్తకం చూసి ఇటూ అటూ చూశారు. "ఇది రివర్సులో వచ్చిందమ్మా. ఏముంది, గళ్ల పైన పేర్లు అటుదిటు, ఇటుదటు చేసెయ్. జడ్జీలు వచ్చి కొలుస్తారా ఏంది?"

"రాసింది రాసిందే గదా సార్."

"అయితే పొద్దుటి లెక్కలన్నా తీసెయ్. చార్టు మీద గందరగోళంగా ఉంది."

దానికి మాత్రం పిల్ల సరేనంది. అట్లా పొద్దుటి అంకెలు ఫెయిర్ పుస్తకానికీ చార్టుకీ ఎక్కలేదు. రఫ్ పుస్తకంలోనే ఉండిపోయాయి.

అసలు భయం ఆ పిల్లకి వాళ్ల నాన్నతో. సాయంత్రం నిచ్చెన తీసుకెళ్లడానికి సైదా బడికొచ్చినప్పుడు, నా కిందే నిలబడి సంగతి చెప్పింది. ఆయన తలమీది సున్నం గోక్కున్నాడు.

"అయితే చల్లబడలేదనే రాస్తావా?"

"మరెట్టా నాన్నా? మీటరు అట్టా చెబుతోంది."

"రాయి. మీటరు చెప్పింది రాయకపోతే మీటరు దేనికి?" అని నిచ్చెన ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగాడు. "కానీ మూడు పూతలని గూడా రాయి. పల్చగా కొట్టానంటారు మళ్లీ."

నాకు గుండె లేదు. అది ఉండాల్సిన చోట ఎర్ర నీళ్లున్నాయి. అవి ఆ పూట నిలకడగా లేవు.

మండల స్థాయి సైన్సు ప్రదర్శన సెప్టెంబరులో హైస్కూల్లో జరిగింది. నలభై ప్రాజెక్టులు. నిప్పులు కక్కే కొండలు నాలుగు, నాలుగూ కుంకుమే కక్కాయి. థర్మోకోలు నాగార్జునసాగర్‌లు మూడు. వాటి పక్కన నిలబడ్డ తల్లులు, "మా బాబు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండీ, అంతా వాడే," అంటూ వేళ్లకంటిన జిగురు గిల్లుకుంటున్నారు. ఒక తండ్రి బల్ల కింద కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. జడ్జి ప్రశ్న అడిగితే కుర్రాడు బల్ల కిందికి చూస్తున్నాడు. వీటి మధ్య మెహతాజ్ చార్టు, చెక్కబల్ల మీద నేనూ బడి థర్మామీటరూ. వెలిగేదీ తిరిగేదీ ఏదీ లేదు. కిటికీ అవతల సైదా నిలబడి ఉన్నాడు, ఆ పూట తలకి నూనె రాసుకుని.

ఎంపికయ్యేది ఇద్దరే. ఆ ఇద్దరూ దసరా అయ్యాక జిల్లాకి వెళతారు. జడ్జీలూ ఇద్దరే. వీరరాఘవులు మాస్టారు పెద్దాయన, ఫిజిక్సులో అందరికీ గురువు. రెండో ఆవిడ హైమావతి మేడం. కళ్లజోడుకి తాడు కట్టుకుని మెళ్లో వేసుకుంటారు. మాస్టారు చార్టులో చివరి వాక్యం ముందు చదువుతారు. అది తప్పయితే మొదటి వాక్యం దాకా వెళ్లరు.

"సున్నం కొడితే గది ఒక డిగ్రీ వేడెక్కును," అని ఆయన గట్టిగా చదివారు. "ఏందమ్మా ఇది? పిడుగురాళ్లలో పుట్టి సున్నాన్ని ఇంత మాటంటావా?"

"నేనన్లేదు సార్. లెక్కలట్టా వచ్చినయి."

"గళ్లు తారుమారై ఉంటాయి. ఒప్పుకో, పోయేదేముంది?"

"తారుమారు కాలా సార్. రోజూ నేనే చూశా."

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"సున్నాలు కొడతాడు సార్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. మార్కుల కాగితం మీద పెన్ను పెట్టి, "తెలుపు వేడిని వెనక్కి కొడుతుందని అయిదో తరగతి పిల్లాడికి తెలుసు. చూడకుండా అంకెలు వేసింది. పదండి మేడం, ఇంకా పన్నెండున్నాయి. పులిహోర పొట్లాలు కూడా వచ్చాయి," అన్నారు.

మేడం కదల్లేదు. "రఫ్ పుస్తకం ఉందామ్మా?" అనడిగారు.

పిల్ల సంచీలోంచి తియ్యడానికి తటపటాయించింది. అట్టమీద సున్నం వేలిముద్రలు, నూనె మరకలు. "బాగుండదు మేడం. కొట్టివేతలున్నయి."

"ఫెయిర్ పుస్తకాలు పాతిక పైనే చూశాను. అన్నీ అమ్మానాన్నలవే. పిల్లలవి రఫ్ పుస్తకాల్లోనే ఉంటాయి. ఇటివ్వు."

ఆవిడ బెంచీ మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నారు. పేజీ తర్వాత పేజీ చదువుతున్నారు, పెళ్లిసంబంధం వాళ్ల ఉత్తరం చదివినంత శ్రద్ధగా. మాస్టారు వాచీ చూసుకున్నారు, తర్వాత పులిహోర వచ్చిన దిక్కు చూశారు.

"మాస్టారూ, ఈ పిల్ల చూడకుండా అంకెలు వెయ్యలేదు," అన్నారు మేడం.

"ఎట్లా చెబుతారు?"

"చూడకుండా వేసేవాళ్లు మనకి నచ్చేవి వేస్తారు. సున్నం గది చల్లగా ఉందని వేసి ఫస్టు ప్రైజు పట్టుకుపోతారు. ఈ పిల్ల వాళ్ల నాన్న పనికే ఎదురు రాసుకుంది." పుస్తకం తిప్పి చూపించారు. "పొద్దుటి లెక్కలు చూడండి. ఎనిమిదింటికి మామూలు గది ఇరవై తొమ్మిది, సున్నం గది ముప్ఫై మూడు. ఇరవై రోజులూ నాలుగే తేడా. ప్రతి దానిపక్కనా ఒక ప్రశ్న గుర్తు. ఇరవై ప్రశ్న గుర్తులు. ఎవరినీ అడగలేదామ్మా?"

"మా సార్ని అడిగా మేడం. సిలబస్‌లో లేదన్నారు."

మేడం గొంతు సవరించుకున్నారు. "సరే. నేనడుగుతా. అప్పటికింకా ఎండ పైకెక్కదు. మరి సున్నం గది తెల్లారేసరికే నాలుగు ఎక్కువ ఎందుకుంది? మధ్యాహ్నం ఎండలో ఆ నాలుగు కాస్తా ఒకటికి ఎందుకు తగ్గింది?"

పిల్ల చార్టు చూసింది. తర్వాత బడి థర్మామీటరుని చూసింది. తర్వాత నన్ను చూసింది. అంత సూటిగా నన్నెవరూ చూడలేదు. నా గొట్టంలో నీళ్లు ఒక గీత పెరిగాయని నా అనుమానం.

"మేడం," అంది నెమ్మదిగా, "రెండింటినీ ఒకే మేక్కి తగిలిస్తే?"

హైమావతి మేడం నవ్వలేదు గాని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మాట తనే అనగలిగీ అనకుండా ఆ పిల్ల నోటినుంచి రావడం కోసం కూర్చున్నారని నాకప్పుడు అర్థమైంది. బళ్లో అంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

కిటికీ పక్కన నీడలో ఒకే మేకుకి ఇద్దర్నీ వేలాడదీశారు. పది నిమిషాలు ఆగాలన్నారు. మాస్టారు ఆ పది నిమిషాల్లో పులిహోర తిని వచ్చారు. బడి థర్మామీటరు ముప్ఫై ఒకటి. నేను ముప్ఫై అయిదు.

ఆ క్షణంలో నా పుట్టుక నాకు తెలిసింది. ఎరువుల దుకాణం ఫోన్ నంబరు పలక అడుగున మిలమిలా మెరుస్తోంది.

మెహతాజ్ అక్కడికక్కడే కాగితం మీద లెక్కేసింది. ముప్ఫై ఏడులోంచి నాలుగు పోతే ముప్ఫై మూడు. పక్క గది ముప్ఫై ఆరు. సున్నం గది మూడు డిగ్రీలు చల్లన. గెలిచినట్టు గెంతులెయ్యలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "అయితే నేను రాసింది తప్పే మేడం."

"తప్పే. మొదటిరోజే రెండిటినీ కలిపి చూసుకోవాల్సింది. చూడలేదు కాబట్టి మార్కులు తగ్గిస్తున్నా." ఆ పిల్ల ఎదుటే తగ్గించి రాశారు. "కానీ తప్పు ఎక్కడుందో నీ పుస్తకమే చెప్పింది. అది చెప్పేటట్టు రాసుకున్నావు. దానికి కూడా వేస్తున్నా."

"తప్పు ముగింపు రాసినవాళ్లకి మార్కులేస్తే ఒప్పు రాసినవాళ్లేమనుకుంటారండీ?" అన్నారు మాస్టారు.

"ముగింపుకి అయిదే మార్కులు మాస్టారూ. ఆ అయిదూ మీరు కొట్టెయ్యండి, నేనడ్డం రాను. మిగతా నలభై అయిదుకీ పుస్తకం చదవాలి గదా." పుస్తకం ఆయన చేతిలో పెట్టారు.

ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టి, రెండో పేజీకి కూర్చున్నారు. పదో పేజీ దగ్గర ఒక వేలు ప్రశ్న గుర్తు మీద ఆనించి చాలాసేపు ఉంచారు. "నేను ముప్ఫై ఏళ్లుగా జడ్జీగా ఉన్నా," అన్నారు చివరికి. "రఫ్ పుస్తకం ఎప్పుడూ అడగలా." పాత మార్కులు కొట్టేసి కొత్తవి వేశారు. పెద్దమనిషి తన అంకె తనే కొట్టేసుకోవడం నేను చూసిన వింతల్లో ఒకటి. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఆ దరిద్రపు చెక్కముక్కని మాత్రం అవతల పారెయ్యండి," అన్నారు.

"వద్దు సార్," అని పిల్ల అడ్డం వచ్చింది. "దాన్ని పారేస్తే ఇరవై రోజులూ పోతయి. అది రోజుకొక రకంగా చెప్పలా. రోజూ నాలుగే ఎక్కువ చెప్పింది."

మేడం తలూపారు. "నిలకడగా అబద్ధం చెప్పేవాళ్ల దగ్గర నిజం రాబట్టొచ్చు మాస్టారూ. పూటకోమాట చెప్పేవాళ్లతోనే చిక్కు."

మొదటి స్థానం బిందు సేద్యం మీద పనిచేసిన కుర్రాడికి వచ్చింది. వాడూ రఫ్ పుస్తకం ఉన్నవాడే. రెండోది మెహతాజ్‌కి. షరతు ఒకటే. జిల్లాకి వెళ్లినప్పుడు రెండు థర్మామీటర్లూ అందరి ముందూ పక్కపక్కన తగిలించి, తేడా చూపించి, పాత లెక్కలు ఎట్లా సరిదిద్దిందో చెప్పాలి. కిటికీ అవతల సైదా విన్నదల్లా ఒక్కటే. "మూడు డిగ్రీలా?" అన్నాడు పక్కవాడితో. "మూడు పూతలేశా. పూతకొకటి." మేడం అది విని, ఆ లెక్క సరైందో కాదో వచ్చే ఏడు ప్రాజెక్టు చెయ్యమని పిల్లకి చెప్పారు.

పిల్ల నా మెడకి ఒక చీటీ కట్టింది. 'ఇది నాలుగు ఎక్కువ చెబుతుంది. జిల్లా అయ్యేదాకా ఎవరూ కదపొద్దు.'

జిల్లా దాకా నేను బడిలోనే ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనుండేది కాదు. దసరాకి బావమరిది వస్తున్నాడు, చూపించాలని నాగభూషణం గారు స్వయంగా వచ్చి, సెలవులయ్యాక పదహారో తారీఖున మళ్లీ ఇస్తానని నన్ను తీసుకెళ్లారు. వరండాలో చీటీ చదివి కుర్చీలో కూలబడ్డారు. నలభై ఎనిమిదంటే నలభై నాలుగన్నమాట. పేపరు చెప్పిందే.

వకుళమ్మ గారు కాఫీ ఇస్తూ, "పోన్లెండి. ఇన్నేళ్ల ఎండ ఒక్కరోజులో నాలుగు డిగ్రీలు తగ్గింది. ఫ్యాను ఆపమంటారా?" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. చీటీ చింపలేదు. రాత్రంతా మథనపడి, తెల్లారి స్క్రూడ్రైవరు తెచ్చి, "సరిచేసేస్తే పోద్ది. అబద్ధపు వస్తువు ఇంట్లో ఎందుకు?" అని నా తీగని కొంచెం వదులు చేశారు. ఇంతలో ఫోను మోగి లోపలికెళ్లారు. ఆదివారం తీరిగ్గా కూర్చుంటానన్నారు.

ఇప్పుడు నా గొట్టం తీగలో వదులుగా వేలాడుతోంది. ఒక్కసారి గట్టిగా అదిరితే నాలుగు గీతలూ కిందికి జారి పుట్టాక మొదటిసారి నిజం చెబుతాను. ఇన్నాళ్లూ తప్పు చెప్పినందుకు నాకూ అదే కోరిక. కానీ నేను నిజమైపోతే ఆ పిల్ల జిల్లాలో నన్ను బడి థర్మామీటరు పక్కన తగిలించినప్పుడు ఇద్దరం ఒకే అంకె చూపిస్తాం. ఇరవై రోజుల పుస్తకం అబద్ధమైపోతుంది. అక్కడి జడ్జీలకి హైమావతి మేడం ఓపిక ఉంటుందో లేదో నాకు తెలియదు. నేను తప్పుగా ఉండటం ఒకరికి అవసరం కావడం నా బతుకులో ఇదే మొదటిసారి.

అందుకే మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. మీలో పెద్దలున్నారు, సంసారాలు చేసినవాళ్లున్నారు, నిజాన్ని నాలుగురోజులు ఆపి ఉంచడం అలవాటున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. నోరులేని చెక్కముక్క ఒక నిజాయితీపరుడి చేతిలోని స్క్రూడ్రైవరుని పదహారో తారీఖు దాకా ఎట్లా ఆపాలి? ఏదైనా ఉపాయం తోస్తే వెంటనే చెప్పండి. ఆదివారం దాకా ఆగకండి. రేపు శుక్రవారం. సంచీలో సొరకాయ వస్తుంది.